బాపు అంగీ తొడుక్కునేదాకా

ఇప్పుడు ఫోన్ మోగితే ‘మళ్ళీ ఎవరో’ అని విసుక్కుంటున్నాం గానీ, ఆ రోజుల్లో ఫోన్ మోగిందంటే ఇంటికి చుట్టం వచ్చినట్టే. వంటింట్లో ఉన్నవాళ్ళు వంటింట్లోంచి, పెరట్లో ఉన్నవాళ్ళు పెరట్లోంచి అందరం ఒక్కసారే దాని చుట్టూ చేరేవాళ్ళం. చేరాక మాత్రం ‘నువ్వు ఎత్తంటే నువ్వు ఎత్తు’ అని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. డిగ్రీ అయిపోయి సిద్దిపేటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో, నా సంపాదనతో కొన్న మొదటి వస్తువు ఆ సెల్‌ఫోన్. సబ్బుబిళ్ళంత ఉండేది. ఫోటోలు తీయడం రాదు, పాటలు పాడటం రాదు. లోపల ఆడుకోవడానికి ఒక పాము మాత్రం ఉండేది, అది తిరిగి తిరిగి గోడకు తల కొట్టుకుని చచ్చేది. (ఆ పామును చావకుండా పెంచడంలో మా అమ్మను మించినవాళ్ళు మా గల్లీలో లేరు. పొయ్యి మీద పప్పు మాడిన రోజులు చాలానే ఉన్నాయి.) బడికి ఫోన్ తేవద్దని మా హెడ్మాస్టరు ఖచ్చితంగా చెప్పడంతో, నా ఫోన్ నా దగ్గర కంటే ఇంట్లోనే ఎక్కువగా ఉండేది.

మా బాపు దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకుని కుట్టేవాడు. గల్లీ అందరికీ అంగీలు కుట్టే మనిషి తాను మాత్రం పొద్దంతా బనీను మీదే కూర్చునేవాడు. ఫోన్ ఇంటికి వచ్చిన రోజే, ఎవరిదో పెళ్ళి ప్యాంటులో మిగిలిన గుడ్డతో దానికి ఒక సంచీ కుట్టాడు. ఊరికే సంచీ కాదు, లోపల అస్తరు, పైన మూత, మూతకు రెండు గుండీలు. దుమ్ము పడకుండా ఉండాలట. ఫోన్ మోగితే ముందు గుండీలు విప్పాలి, తర్వాత దాన్ని బయటికి లాగాలి, ఆ తర్వాత హలో అనాలి. ఈ లోపల అవతలివాళ్ళకు విసుగు పుట్టేది.

అక్కను నారాయణరావుపేటలో ఇచ్చాం. తొలికాన్పుకు మా ఇంటికే వచ్చింది గానీ, అది మామూలుగా జరగలేదు. అక్క మాకు దక్కుతుందా అని దవాఖాన వరండాలో అందరం వణికిపోయాం. అందుకే మలికాన్పు అత్తగారింట్లో అన్నప్పుడు, ‘నొప్పులు మొదలైన వెంటనే తీస్కరండి, ఇంటి దగ్గర కూర్చోబెట్టొద్దు’ అని లేడీ డాక్టర్ ముందే గట్టిగా చెప్పింది. ఒక్క నంబరు కొడితే అంబులెన్స్ వాకిట్లోకి వచ్చే కాలం కాదది. ఊళ్ళో జీపు వేళకు దొరుకుతుందో లేదో తెలియదు. మా గల్లీలో మాత్రం అందరం జీపు కాక అని పిలిచే జీపు డ్రైవరు ఉండేవాడు. కబురు అందితే మేమే జీపు తీసుకుని వెళ్ళాలని మాట అనుకున్నాం. కబురు అందించే బాధ్యత బావది.

బావ మంచివాడు, కానీ చేతి నుంచి రూపాయి జారితే ప్రాణం జారినంత బాధపడే మనిషి. ఆయనకు ఫోన్ లేదు. బస్‌స్టాప్ దగ్గర కిరాణం దుకాణం బయట వేలాడదీసిన కాయిన్ బాక్సే దిక్కు. అందులో బిళ్ళ వేసి నంబరు కొడితే, అవతల ఎత్తకుంటే బిళ్ళ తిరిగి కిందికి పడుతుంది. ఎత్తితే డబ్బా మింగేస్తుంది, మాట్లాడేది మాత్రం కాసేపే, తర్వాత అదే కట్టవుతుంది. ఈ ధర్మసూక్ష్మం కనిపెట్టిన బావ ఒక పద్ధతి పెట్టాడు. దీపాలు పెట్టే వేళకు ఒకసారి మోగించి ఆపేస్తే అందరూ క్షేమం. ఆపకుండా మళ్ళీ మళ్ళీ మోగిస్తూనే ఉంటే జీపు తీసుకుని రావాలి. ఒక్కటే బిళ్ళతో సంవత్సరమంతా గడిపేయొచ్చని ఆయన మురిసిపోయేవాడు. మేం ఆయనకు చాటున ‘మిస్డ్ కాల్ బావ’ అని పేరు పెట్టుకున్నాం.

అయితే మా బాపుకు ఈ పద్ధతి అస్సలు మింగుడు పడలేదు. అల్లుడు పిలుస్తుంటే పలకకుండా కూర్చోవడమా? రోజూ సాయంత్రం ఫోన్ మోగగానే మిషన్ ఆపేసి లేచేవాడు. లేచి ఫోన్ దగ్గరికి కాదు, మేకుకు తగిలించిన అంగీ దగ్గరికి పరుగెత్తేవాడు. చేతులు దూర్చి, గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని వచ్చేసరికి ఫోన్ చప్పుడు ఆగిపోయేది. “అయ్యో, పెట్టేసిండు” అని నిండు అంగీలో అలాగే నిలబడేవాడు.

“బాపూ, ఆయనకు నువ్వు కనపడవు గదనే. బనీను మీదుంటే ఏమైతది?” అని నేను నవ్వితే, “ఆయనకు కనపడకుంటేంది బిడ్డా? నాకు నేను కనపడ్తలేనా?” అనేవాడు.  నిజం చెప్పాలంటే, బావ పెట్టిన పద్ధతి అన్నాళ్ళు సాగిందంటే అది బావ తెలివి కాదు, బాపు అంగీ గుండీల చలవే. ఈ సంగతి అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

ఆ రోజు రాత్రికి పక్కింట్లో దావత్, విందు భోజనం ఉంది. బాపు పొద్దున్నే తానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్లంగీ తొడుక్కుని, జేబులో రుమాలు పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

“అల్లుడు ఫోన్ చేసిండు బిడ్డా! ఇయ్యాల దొరికిండు. కడుపునిండ మాట్లాడిన.”

“ఏమన్నడే?”

“మంచిగున్నరా అల్లుడూ అన్న. అన్నం తిన్నరా అన్న. వాన పడ్డదా, బాయిల నీళ్ళున్నయా, మీ నాయిన దగ్గు తగ్గిందా, బర్రె పాలిస్తుందా అన్న. అన్నిటికీ ‘మామా, మామా’ అన్నడు. ఎంత మర్యాదస్తుడే! బర్రె కాడ ఉండంగ కట్టయింది.”

“ఆయన ఇంకేం చెప్పలేదా?”

“నా మాటలే ఒడువలేదు బిడ్డా, ఆయనెట్ల చెప్తడు?”

కలిపిన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. బావ ఫోన్ చేసేది దీపాలు పెట్టే వేళకు, ఇది మిట్టమధ్యాహ్నం. మళ్ళీ మళ్ళీ మోగిద్దామంటే చేతిలో ఉన్న ఒక్క బిళ్ళను బాపు మాట్లాడి మింగించేశాడు. “బాపూ, అక్కకు నొప్పులొచ్చినయ్ గావచ్చు” అన్నాను.  బాపు మొహంలో నెత్తురు లేదు. అమ్మ గంటె అక్కడే పడేసి వచ్చింది. తిరిగి ఫోన్ కొడితే అందులో ఆవిడెవరో ఇంగ్లీషులో చాలా మర్యాదగా బ్యాలెన్స్ లేదని చెప్పింది. (ఆ రోజు అందరూ మర్యాదగానే ఉన్నారు.) ఎంగిలిచేత్తోనే జీపు కాక ఇంటికి పరుగెత్తాను. ఆయన తినేవాడల్లా సంగతి వినగానే కంచంలోనే చెయ్యి కడుక్కుని, “ఎక్కుండ్రి” అన్నాడు. అంతే, ఇంకొక్క మాట అడగలేదు. ఆ ఒక్క మాటకు నేనాయనకు ఇప్పటికీ మొక్కుతాను.

దారి పొడుగునా నాకు పాత దవాఖాన వరండానే కళ్ళముందు ఆడింది. అమ్మ దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలుస్తోంది. ముందు సీట్లో బాపు ఫోన్ సంచీని గుండెకు అదుముకుని, “నేను జర ఆగి ఇనకపోతి, జర ఆగి ఇనకపోతి” అని తనను తానే తిట్టుకుంటున్నాడు. అంత బాధలోనూ నాకు ఆ తెల్లంగీ చూస్తే కోపం, జాలి, నవ్వు మూడూ కలిసి వచ్చాయి. ఊరి బస్‌స్టాప్ దగ్గరికి జీపు మలుపు తిరిగిందో లేదో, బాపు చేతిలో ఫోన్ మోగింది. గుండీలు విప్పి బయటికి లాగి, ఎత్తబోయి తల పైకెత్తి చూశాడు. ఎదురుగా కిరాణం దుకాణం ముందు, మాకు వీపు పెట్టి, రిసీవర్ చెవికి ఆనించుకుని బావ. అన్నం తింటున్న దుకాణం సేటును ఇంట్లోంచి లాక్కొచ్చి చిల్లర తీసుకున్నట్టున్నాడు, ఎడమ పిడికిలి నిండా బిళ్ళలే.

“ఎత్తకే బాపూ!” అని నేను అరిచాను.

“ఎందుకెత్తుత? ఆయన రూపాయి ఆయనకు రానీ” అన్నాడు బాపు. ఫోన్ మోగుతుండగానే జీపులోంచి సగం బయటికి వంగి, “అల్లుడూ! వచ్చినం!” అని కేకేశాడు. బావ వెనక్కి తిరిగి చూశాడు. ఏడుపో నవ్వో తెలియని మొహం. రిసీవర్ పెట్టాడు. బిళ్ళ ఖణేల్‌మని కింద గిన్నెలో పడింది. మిస్డ్ కాల్ బావ ఆ బిళ్ళ వైపు కనీసం చూడకుండా ఇంటివైపు పరుగెత్తాడు. బావ అక్కను ఎంత ప్రేమిస్తాడో నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

అక్కను సిద్దిపేట దవాఖానకు తెచ్చాం. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. “మంచి టైముకు తెచ్చిన్రు” అని డాక్టరమ్మ అన్నాక గానీ బాపు బెంచీ మీద కూర్చోలేదు. కూర్చున్నాక, నలిగిన అంగీ సవరించుకుంటూ, “అల్లుడూ, మీరు చెప్పేది నేను ఇననే లేదు. తప్పయింది” అన్నాడు.

బావ తలవంచుకుని, “మీరు మాట్లాడుతుంటే మధ్యల నేనెట్ల అందుకుంట మామా?” అన్నాడు.

నేను వరండా చివరికి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను కూడా.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో నర్సింగు చదువుతోంది. తాతకు వీడియో కాల్ చేసి చాలాసేపు మోగనిస్తుంది. “తాతా, గుండీలు పెట్టుకోని ఎత్తు, నాకు తొందరేం లేదు” అంటుంది. (ఇప్పుడు నిజంగానే కనబడతాడు కాబట్టి, ‘నేను అప్పుడే చెప్పిన గదా’ అన్నట్టు మా వైపు చూస్తాడు బాపు.) నా చేతిలో ఇప్పుడున్న ఫోన్‌కు రాని విద్య లేదు. ఆ పాత ఫోన్ మాత్రం గుండీల సంచీలో, బీరువాలో పట్టుచీరల మధ్య పడుకుని ఉంది. మోగదు, వెలగదు. అయినా ఒక్కోసారి తీసి, కళ్ళకద్దుకుని పెడతాను. దానికి వచ్చిన ఒక్క విద్యతోనే మా అక్కను మాకు మిగిల్చింది, ఇంకేం కావాలి?

మొన్న తలకు నూనె పెట్టుకుంటుంటే బావ ఫోన్ చేశాడు. నాకు తెలియకుండానే లేచి, చేతులు తుడుచుకుని, జుట్టు ముడేసి, కొంగు సర్దుకున్నాను. ఎత్తబోయేసరికి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది.

“ఏం మరదలా, అంగీ తొడుక్కుంటున్నవా?”

“తొడుక్కున్న బావా” అన్నాను. అన్నం తిన్నవా, వాన పడ్డదా అన్న మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. బాపు బిడ్డను కదా! వాటిని అక్కడే ఆపేసి, “ముందు నువ్వు చెప్పు, నేను వింట” అన్నాను.