ఉపగ్రహానికి నేను పట్టిన తప్పు

ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి లెక్క తప్పిందని ఆదిలాబాద్‌లో మేడ మీద నిలబడి చెప్పిన మనిషిని నేను. ఈ సంగతి పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పబోయాను. నేను అలా అన్న మాట నిజమే. దానికి లెక్క తప్పిందన్నది మాత్రం కొంచెం సాగదీశాను.

ఎనభైల్లో అక్కడి చిన్న వాతావరణ కేంద్రంలో నాది అబ్జర్వర్ ఉద్యోగం. వాన, గాలి, ఎండ కొలిచి రాయడమే పని. ఎండను కొలిచేది మేడ మీద ఉండేది. ఒక గాజు బుడగ, దాని కింద నల్లటి పలక. పలకకు ఎండ తగిలినకొద్దీ కింద గదిలో ఒక కలం కాగితం మీద గీతను పైకి లాగుతుంది. మబ్బు అడ్డొస్తే గీత కుంగుతుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఎండ మిషను అనేవారు. దాని పుణ్యాన నేను ఏ ఆఫీసుకు పోయినా ముందు కుర్చీ వేసేవారు.

ఒక చలికాలం చివర హైదరాబాద్ నుంచి కుర్ర శాస్త్రవేత్త ఒకాయన వచ్చాడు. ఉపగ్రహం తీసిన బొమ్మల్ని బట్టి నేలకు ఎంత ఎండ చేరుతుందో అంచనా కట్టడం అతని పని.

"పైనున్న కన్ను కింద పడే ఎండను నేరుగా చూడలేదు సార్," అన్నాడు. "మేఘాలు, నేల వెనక్కి పంపిన వెలుగునే చూస్తుంది. సూర్యుడు ఇచ్చినదాంట్లోంచి అది తీసేసి, గాలి మింగింది తీసేసి, మిగిలింది నేలకు చేరిందనుకుంటాం. అవునో కాదో మీ గీతే చెప్పాలి."

మా గీత కాదంటోంది. మబ్బు తునక లేని రోజుల్లో కూడా అతని అంచనా కంటే బాగా కిందనే ఉంది. మిగతా ఊళ్ళలో రెండూ దాదాపు కలిశాయట. కారణం తేలకపోతే మిషను విప్పి వేరే ఊరికి తరలించమని అతనికి ఉత్తర్వు.

మిషను పోతే నన్ను పలకరించేదెవరు?

"అంత మీదికెల్లి దానికేం తెలుస్తది సార్!" అన్నాను. "మా దిక్కు అడవిల ఆకులు కాలవెడుతరు. గా పొగ ఎండను తింటది."

అతను పాపం రాసుకుంటున్నాడు. అంతలో మా ఆవిడ మేడ మీదికి చాయ్ తెచ్చింది. కేంద్రం వెనకే మా క్వార్టరు. మిరపకాయలు ఎండబెట్టడానికి ఆమె రోజూ మేడెక్కేది.

"పొగ సంగతి నాకెర్క లేదు బిడ్డా," అంది. "గా బుడగ మీద దూది పేరుకున్నది, జర సూడు."

రోడ్డుకు అవతలే పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు. పత్తి కాలంలో దూది నుసి ఊరంతా ఎగిరేది. మంచుకు తడిసి గాజుకు అంటుకుంది, దాని మీద దుమ్ము పట్టింది. అతను నన్ను కింద గదికి పంపి, రుమాలు తడిపి తుడిచాడు. కింద గదిలో నేను చూస్తుండగానే కలం మేకపిల్లలా పైకి గెంతింది.

రోజూ పొద్దున్నే నేను గాజు తుడిచి రిజిస్టరులో టిక్కు పెట్టాలి. టిక్కులు ఒక్కరోజు కూడా తప్పకుండా ఉన్నాయి. వారానికి సరిపడా ఆదివారమే పెట్టేసేవాణ్ణి. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్ళు నన్ను క్షమిస్తారు.

అతను రిజిస్టరు తెరవకముందే నేనే చెప్పేశాను, "నేను తుడ్వలేదు సార్, టిక్కులు అబద్ధం," అని. అతను ఆ చలికాలం లెక్కలన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. నిజం ఒప్పుకున్నానని మిషనును మాత్రం అక్కడే ఉంచి వెళ్ళాడు.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. వెల్లుల్లి ఒలుస్తూ విన్నది.

"నువ్వెప్పుడు ఒప్పుకున్నవయ్యా? ఆ పిలగాడు రిజిస్టరు ముందటేసుకొని అడిగితే నువ్వింకా పొగ, పొగ అనుకుంటనే ఉన్నవు. 'చలికి దుప్పట్లకెల్లి లేస్తలేడు బిడ్డా, రేపటి సంది నేను తుడుస్త, మిషను తీస్కపోకు' అని బతిలాడింది నేను."