మా మావయ్య మితభాషి కాడు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న వైశాలి నగర్ నుంచి కబురొచ్చింది, మావయ్య పోయారని. లేచి మొహం కడుక్కుని, వరండాలో కూర్చుని టీ తాగి, ఆ కుర్చీలోనే వెనక్కి వాలి కన్నుమూశారట. గుండె ఆగిపోయిందన్నారు. మాకు ఆయనతో రక్తసంబంధం ఏమీ లేదు. ఈ హిందీ ఊళ్ళో, ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 4లో పదిహేనేళ్ళు పక్కపక్క క్వార్టర్లలో బతికాం. రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి. ప్లాంటులో ఉక్కు కరిగించే విభాగంలో ఆయన క్రేన్ ఆపరేటరు. రిటైరై వైశాలి నగర్ మారి రెండేళ్ళయినా కాలేదు.

దినాలయ్యాక ఖుర్సీపార్‌లో మన తెలుగువాళ్ళు సంతాప సభ పెట్టారు. ఫొటోకి దండ వేశారు, అగరొత్తులు వెలిగించారు. ఆ తర్వాత లేచినవాళ్ళందరిదీ ఒకటే పాట. ఆయన మితభాషి అట. మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేవారట. ఒక పెద్దమనిషి ఇంకాస్త ముందుకెళ్ళి, ఆయనకి అభిమానం పాలు కొంచెం ఎక్కువేనని, కళాకారులన్నాక అది మామూలేనని, నవ్వుతూ క్షమించేశాడు కూడా. పోయినవాణ్ణి క్షమించడానికి ఈయనెవరో నాకు అర్థం కాలేదు. చివర్లో సంతాప తీర్మానం చదివింది మా నాన్న. అందులోనూ మితభాషి అన్న మాటే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ అంతమంది పెద్దల మధ్య లేచి నిలబడే ధైర్యం చాలలేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య మితభాషి కాడు. ఆయన దవడ తెరుచుకునేది కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి ఇంతమందికి పన్నెండేళ్ళు చాలలేదు.

నా చిన్నప్పుడు ఆయన నోటికి తాళం వేయడం మా అత్తయ్య వల్ల కూడా అయ్యేది కాదు. జనరల్ షిఫ్టు నుంచి సైకిల్ దిగుతూనే గోడ మీదుగా కబుర్లు మొదలు. ఫోర్‌మన్ హిందీలో ఎలా తిట్టాడో, దానికి తను విజయనగరం హిందీలో ఏం జవాబిచ్చాడో, ఇద్దరి గొంతుల్లోనూ చెప్పి మా అమ్మ చేత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వించేవారు. శ్రీరామనవమి పందిట్లో ఏటా మనవాళ్ళు వేసే పౌరాణిక నాటకంలో కృష్ణుడు ఆయనే. పద్యం చివర రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అనకుండా వదిలేవారు కాదు. ఆ పద్యాలు ఆయన సాధన చేసింది క్రేన్ కేబిన్‌లో. "ఆ హోరులో కింద ఎవలికీ ఇనపడదు పాపా. పైన నానూ, కృష్ణుడూ, ఇద్దరమే" అనేవారు.

ఆ కేబిన్ ఎలా ఉంటుందని అడిగితే ఒకసారి గోడెక్కి కూర్చుని చూపించారు. మోకాళ్ళ మధ్య నుంచి కిందికి చూస్తూ, మెడ ముందుకు చాచి, గెడ్డం గాల్లోకి తోసి. కింద కరిగిన ఉక్కు బానలు కదులుతుంటాయి గనక చూపు తిప్పడానికి ఉండదు. ఎనిమిది గంటలు అలాగే కూర్చోవాలి. పైగా ఆ దుమ్ముకి ఆయన ముక్కు ఎప్పుడో మూసుకుపోయింది. ఏడాదిలో పన్నెండు నెలలూ జలుబే. గాలి పీల్చడం, వదలడం అంతా నోటితోనే. అది జబ్బని ఎవరం అనుకోలేదు. ప్లాంటులో పనిచేసేవాళ్ళకి అది మామూలే అనుకున్నాం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు జరిగింది అసలు సంగతి. ఆ ఏడు కృష్ణుడి వేషం కొత్తగా వచ్చిన ఒక కుర్రాడికి ఇద్దామని, మావయ్యకి ధర్మరాజు ఇద్దామని కమిటీ అనుకుంది. కమిటీ సెక్రటరీ మా నాన్న. రిహార్సల్లో ఆ మాట చెప్పారు. మావయ్య తలూపి, సరే కానీండి, ధర్మరాజు పద్యం అందుకుంటాను అన్నారు. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. ఆయన నోరు పూర్తిగా తెరిచి రాగం ఎత్తుకున్నారు. నేను ముందు వరసలో చాప మీద కూర్చున్నాను. టక్‌మని శబ్దం నా చెవులారా విన్నాను. రాగం తెగిపోయింది. ఆయన చెంప మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు చెమరుస్తుండగా, ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఇక చూసుకోండి. కృష్ణుడి వేషం పోయిందని అలిగాడు అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసినవాళ్ళు, ఎంత పొగరు లేకపోతే ఏడుస్తాడు అన్నారు. ఏదో చప్పుడైందని, దవడ దగ్గరని నేను ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకు, పుస్తకం తియ్యి అన్నారాయన. మర్నాడు మావయ్యే గోడ దగ్గరికొచ్చారు. పళ్ళు కరిచిపెట్టినట్టు ఉంది మాట.

"బావగారూ, నాకు కోపం లేదు. నోరు తెరుసుకోటం లేదు, అంతే."

"అలిగినవాళ్ళందరూ అలాగే అంటారు లెండి" అని నాన్న లోపలికి వచ్చేశారు. అక్కడితో గోడ మీద కబుర్లు ఆగిపోయాయి. తర్వాతి ఏడు నాటకం జాబితాలోంచి మావయ్య పేరు మా నాన్నే కొట్టేశారు. ఆ ఎర్ర సిరా గీత నేను చూశాను.

అప్పటి నుంచి ఆ మనిషి ఏం చేసినా పొగరే అయింది. నోరు ఒక్క వేలు దూరేంత కన్నా తెరుచుకోక పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు నుంచి లేచిపోతే, మన ఇంటి వంట ఆయనకి ఆనలేదన్నారు. పలకరిస్తే తల ఊపి ఊరుకుంటే, మనం ఆయన కంటికి ఆనలేదన్నారు. ఇంట్లో అత్తయ్య చోడంబలి, అదే రాగి జావ, కాచి, చల్లార్చి, గ్లాసుతో ఇచ్చేది. ఏడాది పాటు ఆయన తిన్నది అదీ, మెత్తగా పిసికిన పెరుగన్నమూ. ఈ సంగతి అడిగినవాడు ఒక్కడు లేడు. ప్లాంటులో సూపర్‌వైజరు ఇదంతా బహానా, పని ఎగ్గొట్టే సాకు అన్నాడు. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నాడు. ఒక పళ్ళ డాక్టరైతే నొప్పి పన్నుదే అని ఆ సందులోంచే ఒకటి పీకాడు. తగ్గలేదని ఇంకొకటి. అదీ కాదని మూడోది. పురుగు లేదు, కదలడం లేదు, బంగారం లాంటి పళ్ళు. వాటిని మావయ్య పొడుం డబ్బాలో దాచుకున్నారు. ఒకరోజు గోడవతల నుంచి నాకు చూపించారు.

"సూడు పాపా. ఇవి ఏటి తప్పు సేసేయి?"

నేను డబ్బా మూత పెట్టి ఆయన చేతికిచ్చాను.

రెండేళ్ళ తర్వాత చెవినొప్పని చూపించుకోవడానికి వెళ్తే, కొత్తగా చదువు పూర్తిచేసి వచ్చిన ఒక డాక్టరమ్మ ఆయన పళ్ళు చూడలేదు. కూర్చున్న తీరు చూసింది. నడవమంది. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చమంది. నాలుగు గుక్కలు కూడా పీల్చలేకపోయారు. అప్పుడు చెవి ముందు రెండు వేళ్ళు పెట్టి, నోరు తెరిచి మూయమంది. ఆమె చెప్పింది మావయ్య ఇంటికొచ్చి అత్తయ్యకి ఒకటికి నాలుగుసార్లు చెబుతుంటే గోడవతల నేను విన్నాను. ముక్కు మూసుకుపోతే నోటితో పీలుస్తాం. నోటితో గాలి ఆడాలంటే తల తనంతట తనే ముందుకు వస్తుంది, దవడ కిందికి వేలాడుతుంది. ఆపైన ఈ కేబిన్ కూర్చోవడం. తల బరువంతా మెడ కండరాలు, దవడ కండరాలు లాగిపట్టి మొయ్యాలి. ఏళ్ళ తరబడి అలా మోస్తే చెవి ముందున్న ఆ చిన్న కీలు ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేనని కూడా ఆమె అందట. ఆ ఒక్క మాటకే ఆమె మీద నాకు గౌరవం. మిగతావాళ్ళంతా ఒట్టేసి మరీ చెప్పారు.

ముక్కుకి వైద్యం చేసింది, దవడకి వేడి కాపడం చెప్పింది. తల భుజాల మీదికి తెచ్చి గోడకి ఆనించి కూర్చోవడం నేర్పింది. పెదాలు కలిపి, పళ్ళు విడిచి, నాలుక అంగిలికి ఆన్చి ఉంచమంది. బాగున్న నోట్లో మూడు వేళ్ళు నిలువునా పడతాయి, నెమ్మదిగా అక్కడికి తెద్దాం అంది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్న అత్తయ్య కాపడం పెట్టడం, తన వేళ్ళు కలిపి ఆయన నోటి దగ్గర కొలవడం. ఒక వేలు. నెలలు గడిచాక ఒకటిన్నర. ఏడాదికి రెండు. మూడోది ఎన్నడూ పట్టలేదు. చాలా ఆలస్యంగా వచ్చారని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పిందట. మరి ఆలస్యం ఎవరిది?

ఇక నా సంగతి. నేనూ ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉండే పిల్లనే. బడిలో నన్ను చూడగానే "ముహ్ బంద్ కర్, మక్ఖీ ఘుసేగీ", నోరు ముయ్యి ఈగ దూరుతుంది, అని అరిచేవాళ్ళు. టీచరు మొద్దు అని తేల్చేసింది. అదొక అలవాటు, పెద్దయితే పోతుంది అనేవాళ్ళు ఇంట్లో. నేను లెక్కలు చేసుకుంటుంటే మావయ్య గోడవతల నుంచి చాలాసేపు చూసి, ఒకరోజు నా గెడ్డం కింద వేలు పెట్టి వెనక్కి నెట్టారు. "తల భుజాల మీదుండాలి పాపా, భుజాలకి ముందు కాదు. ముక్కున్నది ముక్కుపుడక కోసం కాదే, గాలి కోసం." రెండేళ్ళుగా మాటలు లేని మా నాన్న దగ్గరికి తనే వచ్చారు. ఈ గుంట ముక్కు ఆ డాక్టరమ్మకి చూపించమని అడిగారు. పిల్ల దవడ తనలాగే అయిపోతుందని బతిమాలారు. నాన్న పేపరు దించలేదు. నా పిల్ల సంగతి నేను చూసుకుంటాను అన్నారు.

నాటకంలో వేషం తగాదా వచ్చి నా ముక్కు మీద కూర్చుంది.

మావయ్య ఊరుకోలేదు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ దగ్గరికొచ్చారు. ఆమెని అక్కలా చూసేవారు, మన వైపు అలవాటు ప్రకారం అప్పా అని పిలిచేవారు. "అప్పా, నన్ను తిట్టుకోండి, ఏటైనా అనుకోండి. ఈ గుంటని మాత్రం తీసుకెళ్ళండి. నా నోరు నాకు తిరిగిరాదు. దీనిది ఇంకా ఉంది." అమ్మ, అత్తయ్య కలిసి బజారుకని చెప్పి నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ముక్కు వెనకాల కండ పెరిగిందని తేలింది. అది తీసేశారు. కళ్ళు తెరిచాక మొదటిసారి ముక్కుతో నిండుగా గాలి పీల్చినప్పుడు, ఆస్పత్రి ఫినాయిలు వాసన కూడా నాకు బాగుంది. అప్పుడు మాత్రం నాన్న వచ్చారు. నా పక్కన కూర్చుని చాలాసేపు తల నిమిరారు. కానీ గోడ దాకా ఒక్క మాటకి కూడా వెళ్ళలేదు. అప్పుడు వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు. తీర్మానంలో మితభాషి అని రాయడానికి మాత్రం వెళ్ళారు.

నాన్న మీద నాకు ప్రేమ లేక కాదు ఇది రాస్తున్నది. ఆయన ఇది చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

ఇప్పుడు నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. నోరు తెరుచుకుని, మెడ చాచి బోర్డు చూసే పిల్ల కనిపిస్తే మొద్దు అనను. వాళ్ళ అమ్మని పిలిపిస్తాను. కొందరు వినిపించుకుంటారు, కొందరు నన్నే వింతగా చూస్తారు. మావయ్య మళ్ళీ పద్యం పాడలేదు. వైశాలి నగర్ వెళ్ళినప్పుడల్లా, తల గోడకి ఆనించి, పెదాలు మూసుకుని, ముక్కుతోనే కృష్ణుడి రాగం తీస్తూ కనిపించేవారు. మాటలుండేవి కావు. నాకు మాత్రం ఏ పద్యమో తెలిసిపోయేది.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి మావయ్యని హాల్లో పడుకోబెట్టారు. ప్రాణం పోయాక దవడ జారి నోరు తెరుచుకుంది. ఇలాంటప్పుడు గుడ్డతో దవడ బిగించి కట్టడం మామూలే. ఒక పెద్దాయన పంచె అంచు చింపి దగ్గరికొచ్చాడు. అంతసేపూ తల వంచుకుని కూర్చున్న అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండి బాబూ. అప్పుడే కట్టకండి."

తను కుడిచేతి మూడు వేళ్ళు కలిపింది. రోజూ పొద్దున్న కాపడం అయ్యాక కొలిచినట్టే ఆయన నోటి దగ్గర నిలువునా పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మూడూ పట్టేయి పాపా."

పెద్దాయన గుడ్డ కట్టాడు. అత్తయ్య వేళ్ళు మాత్రం విడదీయలేదు. పాడె లేచేదాకా ఆ మూడూ అలా కలిపే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.