టెంటు కింద నాలుగు రోజులు

నాది పుట్టు అనుమానం. బజారులో ఎవరైనా ఊరికే పలకరించినా, వీళ్లకు నాతో ఏం పనిబడిందో అనుకుంటాను. అందుకే ఆ ఆఫీసరు మా అత్తను "అమ్మా" అన్న రోజే నాకు ఒళ్లు మండింది.

బాపట్ల అవతల సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఇల్లు మాది. మా ఎండు నెత్తళ్లు తెనాలి, రేపల్లె బజార్లకు పోతాయి. ఒడ్డున ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే. పట్టాలు లేవు. పాత వల పరిచి చేపలు పోసినన్నాళ్లూ అది మనది, వదిలేస్తే ఇంకొకరు పరుచుకుంటారు. ఆ ఇసుకలో టూరిస్టులకు కాటేజీలు కడతారట, లేచిపొమ్మని సర్కారు వాళ్లు చెప్పారు. మా ఆడవాళ్లం కదలం అన్నాం. పోలీసులొచ్చినా తలెత్తకుండా చేపలు తిరగేసుకుంటూ ఉన్నాం. వాళ్లు కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

మర్నాడు రెవెన్యూ ఆఫీసరు నవ్వుకుంటూ వచ్చాడు.

"నిరసన మీ హక్కమ్మా. శాంతియుతంగా చేసుకోండి. ఎండలో ఎందుకు, రోడ్డు పక్కన టెంటు వేయిస్తాను."

"ఎంత మర్యాదస్తుడే!" అంది అత్త.

"మన మీద ఆయనకంత ప్రేమేంటత్తా?" అన్నాను.

"నీకు మజ్జిగలో కూడా విషమే కనపడుద్ది," అని కసిరింది. అందరూ నవ్వారు.

అంత అనుమానం ఉన్నదాన్ని నేను మాత్రం ఏం చేశాను? అందరితో పాటు వెళ్లి ఆ టెంటు కిందే కూర్చున్నాను. నీడ హాయిగానే ఉంది మరి. వేటలో పడ్డ చేపలు ఎండబెట్టకుండా పచ్చివే తెగనమ్మేశాం. పేపరువాళ్లు ఫొటోలు తీశారు, ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నకొద్దీ నాకు గుబులు పెరిగింది. ఎవరికీ చిరాకు కలిగించని పోరాటం ఏం పోరాటం?

నాలుగో రోజు ఉండబట్టలేక ఒడ్డుకు వెళ్లాను. మా చోట్లో సిమెంటు స్తంభాలు పాతేశారు, పక్కన ఇనుప తీగ చుట్టలు.

"ఇక్కడెవరూ ఉండట్లేదుగా అక్కా. ఖాళీ స్థలమని రాసుకెళ్లారు," అన్నాడు పనివాడు.

ఓరి నాయనో! పరుగున టెంటుకు వెళ్లి చెప్పాను. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "వలలు తియ్యండే," అంది.

స్తంభాల మధ్యే పరిచి, ఆ పూట చేపలు పోశాం. పోలీసులు వచ్చి వలలు ఎత్తి, చేపలు ఇసుకలో కుమ్మరించారు. ఏరుకుని మళ్లీ పరిచాం. మళ్లీ కుమ్మరించారు. మాలో ఎవరూ చెయ్యెత్తలేదు, నోరెత్తలేదు.

"టెంటులో కూర్చోవచ్చుగా పెద్దమ్మా," అన్నాడొక కానిస్టేబులు, విసిగిపోయి.

"అక్కడ చేపలు ఎండవు బాబూ," అంది అత్త.

సాయంత్రానికి వాళ్లే అలిసిపోయారు. తీగ కట్టలేదు. స్తంభాలు మాత్రం ఇప్పటికీ పీకలేదు. ఎందుకు ఉంచారో నాకు తెలుసు.

వేసవిలో వేట ఆపే రెండు నెలలు ఎండబెట్టడానికి ఒక్క చేప ఉండదు. అయినా తెల్లారగానే వెళ్లి, ఖాళీ వల పరిచి, పొద్దుగూకేదాకా పక్కనే కూర్చుంటాను.