గొర్రెల బిళ్ళ, గులాబీ దారాలు

మెడలో కొత్త గుర్తింపు కార్డు వేలాడిన ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియనిదంటూ లేదని నా గట్టి నమ్మకం. (తెలియనివి ఎన్నున్నాయో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.) ప్రొద్దుటూరులో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి నెల కూడా కాలేదు. మా సారు పొద్దున కాఫీకి వెళ్తే గంటకు గానీ వచ్చేవారు కాదు. ఆ గంటసేపూ రాజ్యం నాదే.

ఒకరోజు ఆ గంటలోనే, జమ్మలమడుగు డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని పెద్దముడియం వైపు నుంచి గొర్రెలు మేపే తాత ఒకాయన మూత్రపరీక్షకు వచ్చాడు. నాలుగు రోజులుగా చలిజ్వరం, మంట. మందులేమైనా మింగావా అని అడిగితే లేదన్నాడు. స్లైడుకు రంగులద్ది మైక్రోస్కోపులో చూశాను. పొట్టి కడ్డీల్లాంటి క్రిములు ఉండాల్సిన చోట సేమ్యాల్లా పొడవాటి గులాబీ దారాలు, కొన్ని నడుమ ఉబ్బిపోయి ఉన్నాయి. ఇలాంటివి చదివిన గుర్తు లేదు. (ఆ పాఠం జరిగిన రోజు నేను పులివెందులలో మేనత్త కూతురి పెళ్లిలో ఉన్నాను.) కొత్త క్రిమిని కనిపెట్టేశాననుకుని, దానికి నా పేరు పెట్టాలా, ఇంటిపేరు పెట్టాలా అని కాసేపు తర్జనభర్జన పడ్డాను. రిపోర్టులో అలా రాయలేను కాబట్టి 'బూజు జాతి' అని రాసి, సొగసుగా సంతకం చేసి ఇచ్చి పంపేశాను.

సారు వచ్చి స్లైడు చూశారు. బూజైతే ఊదారంగు పట్టాలి, ఇవి గులాబీగా ఉన్నాయే అన్నారు. ఇవి మామూలు క్రిములేనట. చాలీచాలని యాంటీబయాటిక్ పడితే క్రిమి రెండుగా విడిపోవడానికి నడుమ గోడ కట్టుకోలేక పొడవు మాత్రం పెరుగుతూ పోతుంది, పైగోడ బలహీనపడ్డవి ఉబ్బి పగులుతాయి అని చెప్పారు. "ఆయప్ప ఏందో మింగినాడమ్మా. నీ రిపోర్టు జూసి బూజు మందిస్తే జబ్బు కిడ్నీలకు పాకుతాది. పో, పట్టుకొని రా."

తెల్లకోటుతోనే బస్టాండుకు పరుగెత్తాను. జమ్మలమడుగు బస్సు కదలబోతోంది. ఎక్కి, తాతను వెతికి, మందులేమైనా మింగావా అని ఆయాసపడుతూ మళ్లీ అడిగాను.

"మనుషుల మందు మింగల్యా పాపా," అన్నాడు తాత నింపాదిగా. "గొర్రెలకు తెచ్చిండే బిళ్ళలో రెండు పూట్లా ముక్క ఇరగ్గొట్టి ఏసుకున్యా. వాటికి శానా బాగా పంజేసింది."

బస్సంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. నా సొగసైన సంతకం ఆయన ప్రాణం మీదికి తెచ్చేదని అప్పుడు గానీ తలకెక్కలేదు. తాత రిపోర్టు నా చేతిలో పెట్టి, నాతోపాటు బస్సు దిగాడు.

"ఏడుస్తాండావేంది? నేనే మొదుట నీకు అబద్ధం జెప్పినానని మీ సారుతో అంటాలే."

అన్నమాట ప్రకారం అలాగే చెప్పాడు కూడా. సారు నమ్మినట్టు తలూపి, కొత్త రిపోర్టు రాసి డాక్టరుకు ఫోను చేశారు. సరైన మందు పడి తాత కోలుకున్నాడు.

ఇప్పుడు నా తల నెరిసింది. ఎప్పుడైనా గులాబీ దారాలు కనిపిస్తే, ఏం మింగారో అడగాలని లేచేలోపే, కొత్త క్రిమి దొరికిందేమోనని మనసు ఒక్క క్షణం ఎగురుతుంది. నాలో ఇంకా ఉన్న ఆ పిచ్చిపిల్లను అప్పుడు తిట్లు పడకుండా కాపాడిన తాత మీద గౌరవం కొద్దీ, నేనూ దాన్ని తిట్టను.