అభ్యర్థి తల మీద చేయి

"ఈ గది ఖాళీ చేయిస్తే మా పాపను ఎక్కడ వదలాలండీ?"

చెప్పులు విప్పకముందే నేను అడిగిన మాట అది. లోపల నేల మీద కూర్చుని ఇద్దరు పిల్లలకు ఒకే గిన్నెలోంచి పెరుగన్నం పెడుతున్న ఆవిడ తల ఎత్తలేదు.

"ముందు పాపను కిందికి దించు బిడ్డా. చంకలేసుకొని ఫికర్ చేస్తే ఇద్దరికీ బరువే," అంది.

ఆవిడ పేరు రాహేలమ్మ. యాభై తొమ్మిదేళ్లు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న వీధి వెనక, ఒక సందులో, రెండు గదులు అద్దెకు తీసుకుని పగటిపూట పిల్లల్ని చూసుకుంటుంది. తొమ్మిది మంది పిల్లలు. బయట బోర్డేమీ లేదు. ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పడమే ప్రచారం. నాకు చెప్పింది కోచింగ్ సెంటర్లో జావా నేర్పే ఒకావిడ. నేను సోమాజిగూడలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పనిచేస్తాను. మా మంజూషకు అప్పటికి ఏడాదిన్నర.

రాహేలమ్మది జోగిపేట దగ్గర పల్లె. పదో తరగతి తప్పాక పట్నం వచ్చి ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేరింది. ఇరవై రెండేళ్లు అక్కడే, అప్పుడే పుట్టిన పిల్లలకు స్నానాలు పోసింది. భర్త దేవదానం ఆటో నడిపేవాడు. తాగుడు వల్ల కాలేయం పాడై నలభై నాలుగేళ్లకే పోయాడు. ఆయన గురించి ఎవరు అడిగినా ఆవిడ చెప్పేది ఒక్కటే. "దేవదానం మంచోడే. సీసాతోని చెడిపోయిండు."

ఒళ్లు వేడిగా ఉన్న పిల్లకు ఆవిడ థర్మామీటరు పెట్టదు. అరచేయి తిప్పి, వెనకవైపు కడుపు మీద ఆనించి చెబుతుంది. నేను మైక్రోబయాలజీ చదివినదాన్ని, అలాంటివి నమ్మను. ఒక నెలంతా ఆవిడ అంచనాను ఇంటికి వెళ్లగానే థర్మామీటరుతో సరిచూశాను. రెండుసార్లు మాత్రమే తప్పింది. ఆ విషయం ఆవిడకు చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక అదే గదిలో చాపలు పరిచి పదిమంది ఆడవాళ్లు ఉపవాస ప్రార్థన చేసుకుంటారు. వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు గడప లోపలికి వచ్చి ప్రార్థన చేయమన్నా కాదనకూడదు. పరీక్ష పోయిన కుర్రాడు వస్తాడు, ఇల్లు అమ్ముడుపోని బ్రోకర్ వస్తాడు. ఏ మతమని అడగరు. తల మీద చేయి పెట్టి, పేరు పెట్టి, వాళ్ల అవసరం దేవుడికి చెబుతారు.

కార్పొరేషన్ ఎన్నికల ముందు అలా వచ్చినవాడే మహిపాల్. ఆయన అభ్యర్థి. సందు మలుపులో ఉన్న వైన్ షాపు ఆయనదే. దాని పక్కన తాగేవాళ్లు కూర్చునే పర్మిట్ రూము కూడా ఉంది. సాయంత్రం ఆరు దాటితే పిల్లల్ని ఎత్తుకున్న తల్లులం రోడ్డు అవతలికి వెళ్లి నడుస్తాం. అదే మహిపాల్ ఒక మాట ఇచ్చాడు. కమ్యూనిటీ హాలు పై అంతస్తు ఖాళీగా పడి ఉందని, తాను గెలిస్తే దాన్ని రాహేలమ్మ పిల్లల గదికి ఇప్పిస్తానని అన్నాడు. ఆవిడకు వచ్చేదాంట్లో సగం అద్దెకే పోతుంది కాబట్టి అది చిన్న మాట కాదు.

ఆయనకు పోటీగా నిలబడిన భార్గవ్ వైన్ షాపును అక్కణ్ణుంచి ఎత్తేయిస్తానన్నాడు. హాలును మాత్రం లైబ్రరీ చేస్తానన్నాడు.

ప్రార్థనకు వచ్చే ఆడవాళ్లలో ఈ విషయం మీద రోజూ వాదనే. రాహేలమ్మకు వంటలో సాయం చేసే దీనమ్మ మహిపాల్ వైపు మాట్లాడేది.

"హాలు వస్తే నీ కష్టం తీరుతది అక్కా. దుకాణం ఈడ గాకుంటే ఇంకో తాన ఉంటది. తాగేటోడు నడిచి పోతడు, అంతే."

"నడిచిపోయేటప్పుడన్న జర యాది వస్తది గదా, ఇంట్ల పిల్లలున్నరని," అనేది రాహేలమ్మ.

"అయితే భార్గవ్‌కు ఏస్తవా?"

"పప్పు మాడుతున్నది చూడు."

ఒక శుక్రవారం మహిపాల్ వచ్చి చాప మీద మోకరిల్లాడు. రాహేలమ్మ చేయి పెట్టి ప్రార్థించింది. మూడో రోజుకు, ఆయన వెంట వచ్చినవాళ్లు తీసిన ఫొటో గోడల మీదికి ఎక్కింది. 'తల్లుల దీవెన మహిపాల్ అన్నకే' అని కింద పెద్ద అక్షరాలు. ఫోన్లలో ఇరవై సెకన్ల వీడియో తిరిగింది. అందులో ఆవిడ పెదవులు కదులుతుంటాయి, వినపడేది మాత్రం ప్రచారం పాట.

ఇంటి యజమాని విజయేందర్ భార్గవ్ మనిషి, పొద్దున్నే ఆయన వెంట జెండా పట్టుకుని తిరిగేవాడు. ఒకటో తారీఖుకు గదులు ఖాళీ చేయమని కబురు పెట్టాడు. నేను చెప్పులతోనే లోపలికి వెళ్లింది ఆ కబురు విన్న రోజు.

ఆ మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే విజయేందర్ స్వయంగా కిందికి దిగి వచ్చాడు. సెలవు పెట్టి నేను అక్కడే ఉన్నాను. పిల్లలు నిద్రపోతున్నారు.

"ఏం రాహేలమ్మా, నా ఇంట్ల కూసోని నా మీదనే పోస్టరా?"

"పోస్టరు నేను ఎయ్యలే సారు."

"చెయ్యి నీదే గదా?"

"చెయ్యి నాదే. మొక్కేటందుకు వచ్చిన తల ఆయనది. రేపు మీరొచ్చినా పెడ్త."

"నాకెందుకులే. భార్గవ్‌కే ఏస్తనని ఒక్క మాట అను, గదులు నీయే. కిరాయి సుత పెంచ."

నేను ఆవిడ చెయ్యి నొక్కి మెల్లగా అన్నాను, "అనేయండి రాహేలమ్మ గారూ. లోపలికెళ్లి ఎవరికి వేశారో ఎవరు చూస్తారు?"

"నేను చూస్త గదా," అంది.

ఇక నాకు తోచింది ల్యాబు పద్ధతి ఒక్కటే. చేతిలో ఉన్నది ఇరవై సెకన్ల ముక్క, మొత్తం చూడకుండా ఫలితం తేల్చకూడదు. ప్రార్థన ఎంతసేపు జరిగిందని అడిగాను. పావుగంట అంది దీనమ్మ. దుబాయ్‌లో ఉన్న చెల్లెలికి పంపడానికి ప్రతి శుక్రవారం మొత్తం ఫోన్లో వీడియో తీస్తానని కూడా చెప్పింది. పెట్టమన్నాను. పిల్లలు లేవకుండా సౌండు తగ్గించి, నలుగురం తలలు దగ్గర పెట్టి చూశాం.

రాహేలమ్మ మామూలుగా మాట్లాడే భాష కాదు అది, బైబిలు భాష. "పరలోకమందున్న మా తండ్రీ, నీ బిడ్డయైన మహిపాల్‌ను నీ సన్నిధికి తెచ్చుచున్నాము. ఇతనికిని ఇతని భార్యాబిడ్డలకును ఆరోగ్యము దయచేయుము. పసిపిల్లల కొరకు ఇతడు ఇచ్చెదనన్న హాలును గెలిచిన తరువాత మరచిపోకుండ జ్ఞాపకశక్తి దయచేయుము." ప్రతి వాక్యానికీ ఆడవాళ్లు స్తోత్రం అంటున్నారు. "అట్లే తండ్రీ, మలుపులో ఉన్న ఇతని దుకాణమును అక్కడనుండి తీసివేయుము. అందులోనికి ఎన్ని ఇండ్ల కష్టము పోవుచున్నదో నీవు ఎరుగుదువు. దేవదానమును నీవు చూచితివి."

ఈసారి స్తోత్రం గట్టిగా వినిపించింది. వీడియోలో మోకాళ్ల మీద ఉన్న మహిపాల్ ఒక కన్ను తెరిచి తలుపు వైపు చూశాడు. ఆవిడ చేయి తీయలేదు. ఇంకా పది నిమిషాలు ఉంది.

విజయేందర్ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. మళ్లీ పెట్టించుకుని చూశాడు. తర్వాత ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

"గిది నాకు పంపు దీనమ్మా. పొద్దుగూకే వరకు బస్తీ అంతా చూస్తది. ఇగ గదుల సంగతి మరిచిపోండ్రి."

నేనైతే పంపేసేదాన్ని. దీనమ్మ కూడా పంపే బటన్ నొక్కడానికి బొటనవేలు ఎత్తింది. రాహేలమ్మ ఆ ఫోన్ తీసుకుని కొంగు కింద పెట్టుకుంది.

"ఇది ప్రార్థన సారు. ఆయన ఒక ముక్క కోసుకున్నడు, మీరు ఇంకో ముక్క కోసుకుంటరు. నమ్మి మోకాళ్ల మీద కూసున్నోన్ని నేను నవ్వులపాలు చెయ్య."

"మరి ఖాళీ చేస్తవా?"

"చెయ్యమంటే చేస్త. మీ ఇల్లు. కని ఒక మాట అడుగుత. మీ భార్గవ్ సారు దుకాణం తీసేయిస్తడట, మస్తు సంతోషం. హాలు సుత మాకు అడుగుండ్రి."

"అది లైబ్రరీకి అనుకున్నరు."

"చదివే పోరగాళ్లు వచ్చేది క్లాసులు అయినంకనే గదా. పగలు మాకియ్యుండ్రి, సాయంత్రం ఆళ్లకియ్యుండ్రి. పుస్తకాలను మా పిల్లలు తినరు. తిన్నా ఒకటి రెండు పేజీలు."

విజయేందర్ కాసేపు నిద్రపోతున్న పిల్లల వరుసను చూశాడు. అడిగి చూస్తానని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. ఖాళీ చేయమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కిరాయి మాత్రం పెంచాడు. ఎన్నికల్లో భార్గవ్ గెలిచాడు. వైన్ షాపు ఇప్పటికీ మలుపులోనే ఉంది, లైసెన్సు గడువు తీరాలట. హాలు పై అంతస్తుకు ఇంకా తాళమే. రాహేలమ్మ నెలకోసారి కార్పొరేటర్ ఆఫీసుకు వెళ్లి రెండింటి గురించీ అడిగి వస్తుంది. దారిలో మహిపాల్ కనిపిస్తే ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతుంది, దుకాణం ఎప్పుడు ఎత్తేస్తావని కూడా అడుగుతుంది.

ఓటు ఎవరికి వేసిందో నేను రెండుసార్లు అడిగాను. చెప్పలేదు. మూడోసారి నా భయం గురించి మాట్లాడాను. మా ల్యాబులో పగటి షిఫ్టు కావాలా, జీతం పెరగడం కావాలా, ఏదో ఒకటి తేల్చుకోమన్నారని, నాలుగు రోజులుగా నిద్ర లేదని చెప్పాను. ఆవిడ మంజూష జుట్టుకు నూనె రాస్తూ విన్నది. తర్వాత ఆవిడ చెప్పిన మాటనే నేను మర్నాడు మా మేనేజర్ ముందు పాటించాను. ఇప్పుడు ఓటడగడానికి వచ్చేవాళ్ల దగ్గరా పాటిస్తున్నాను.

"గిది కావాల్నా గది కావాల్నా అని ఎవరన్న అడిగితే, రెండూ కావాలని చెప్పు బిడ్డా. తగ్గించేది ఆళ్ల పని. ఆళ్ల పని నువ్వు ముందుగాలనే చేసిపెట్టకు."