మొటిమల పొడి అమ్మే పుణ్యవతి

కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టళ్లున్న సందులో చిన్న కొట్టు పెట్టుకుని పుణ్యవతి పదకొండేళ్లుగా మొటిమల పొడి అమ్ముతోంది. వేపాకు, మంజిష్ఠ వేరు, కస్తూరి పసుపు ఎండబెట్టి, రోట్లో దంచి, పలచటి గుడ్డలో జల్లించి పొట్లాలు కడుతుంది. తణుకులో వాళ్ల నాన్న ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గర మందులు నూరేవాడు. ఆయన్ని చూసి నేర్చుకున్న పని. పొట్లం చేతిలో పెడుతూ ఒక మాట చెబుతుంది:

"ముందు చెవి వెనకాల రాసి చూసుకోమ్మా. మంటపుడితే మానెయ్. గడ్డల్లాంటివైతే చర్మం డాక్టరు దగ్గరికెళ్లు, నా దగ్గరికి కాదు."

ఒక శనివారం శ్రావణి వచ్చింది. కడప పిల్ల, రాయదుర్గంలో ఉద్యోగం. మొహం మీది మాస్కు తీసింది. బుగ్గలు కమిలిపోయి, నిండా చీము పొక్కులు.

"ఏం పూశావే తల్లీ?"

"సందు చివర పార్లర్లో ఇచ్చిన మూలికల క్రీము ఆంటీ. పూస్తాంటే నున్నగా ఉండె. మానేస్తే ఇట్ల ఎగదన్నుకొని వచ్చాండాయి."

శ్రావణి సంచిలోంచి తీసిచ్చిన క్రీము డబ్బాని పుణ్యవతి వాసన చూసింది. ఆకు వాసనే లేదు. ఆ పిల్లని ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి పుణ్యవతి వచ్చిన ప్రతి పిల్లకీ ఆ క్రీము కొనొద్దని చెప్పసాగింది.

వారం తిరక్కుండా, మిట్టమధ్యాహ్నం, పార్లర్ యజమాని యశ్వంత్ ఇనుప రాడ్డుతో వచ్చాడు.

"ఏందే, నా గిరాకీ ఖరాబ్ జేస్తున్నవ్?"

"పిల్లల మొహాలు పాడవుతున్నాయండీ. ఉన్నమాటే చెప్పాను."

రాడ్డు కొట్లో పొడి నింపి పెట్టిన గాజు సీసాల మీద పడింది. గాజు పెంకులు ఎగిరి ఆమె నుదురు చీరాయి. గుప్పెడు పొడి తీసి ఆమె కళ్లలో కొట్టాడు. జుట్టు పట్టుకుని తలని షట్టరుకేసి బాదాడు. కిందపడితే కుడి మణికట్టు మీద బూటుకాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

హాస్టల్ గేటులోంచి శ్రావణి అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. యశ్వంత్ ఆమె మీదికి రాడ్డెత్తాడు.

పుణ్యవతి ఎడమచేత్తో రోకలి అందుకుని అతని మోకాలి మీద వేసింది. మోకాలి చిప్ప పగిలింది. అతను కూలబడ్డాడు. మళ్లీ రోకలెత్తింది, ఈసారి తలకి గురిచూసి.

"వద్దాంటీ! సచ్చిపోతాడు!" శ్రావణి ఆమె నడుం పట్టేసింది.

చేయి గాల్లో ఆగింది. రోకలి పక్కకి జారిపడింది.

స్టేషన్‌లో ఆమె ఏదీ దాచలేదు. "చంపాలనే అనిపించిందండీ. ఆ పిల్ల పట్టుకోకపోతే చంపేసేదాన్నే."

యశ్వంత్ మీదా, పుణ్యవతి మీదా కేసులు పెట్టారు. క్రీము పరీక్షలో స్టెరాయిడ్ తేలాక పార్లర్‌కి సీలు వేశారు. శ్రావణి మొహం నెమ్మదించడానికి ఏడు నెలలు డాక్టరు మందులు వాడాల్సి వచ్చింది. గుంటలు మాత్రం మిగిలాయి. పుణ్యవతి మణికట్టులో ఇప్పుడు ఎముకకి బిగించిన స్టీలు ప్లేటుంది. ఎడమచేత్తో దంచుతోంది, సగం వేగంతో.

మొన్న వాయిదాకి వెళ్తే కోర్టు వరండాలో యశ్వంత్ కుంటుతూ ఎదురొచ్చాడు. పుణ్యవతి పక్కకి తప్పుకోలేదు. అతనే గోడవారగా నడిచి వెళ్లాడు.