శివలీలక్క మండక్కి లెక్క

దావణగెరెలో మా పళ్ల కాలేజీలో శివలీలక్క చేతి నుంచి తీగ అందుకోని డాక్టరు లేడు. ఇరవై రెండేళ్లుగా కుర్చీ పక్కనే నిలబడి ఎత్తుపళ్లవాళ్లకూ వంకరపళ్లవాళ్లకూ క్లిప్పులు వేయించింది. తన ముందుపళ్లు మాత్రం ఒకదాని మీదొకటి ఎక్కే ఉన్నాయి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, నాతో సహా.

నా పీజీ పరిశోధన రెండు తీగల మీద. ఒకటి పేనిన స్టీలు తీగ. రెండోది చల్లగా ఉంటే దారంలా వంగి, నోటి వేడికి బిగుసుకునే రకం. ఏది తక్కువ నొప్పితో పళ్లను వరసకు తెస్తుందో తేల్చాలి. ముప్పై మందికి కాగితాలిచ్చి, వారం రోజులు నొప్పికి పదికి ఇన్నని అంకె వేయమన్నాను.

కాగితాలు తిరిగొచ్చాయి. ఏ తీగవాళ్లయినా ఒకటి, లేకపోతే రెండు. నాకు ఒళ్లు మండింది.

"వీళ్ల నోళ్లు దేంతో చేశారక్కా?"

"నీ మొహం చూసి తొమ్మిది ఎవరేస్తారమ్మా? కష్టపడి కట్టింది, చిన్నబుచ్చుకుంటుందని ఒకటేస్తారు."

"మరెలా అడగాలి?"

ఆమె సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. అందులో నా ముప్పై మంది పేర్లూ ఉన్నాయి, ఒక్కో పేరు ఎదుట ఒక అంకె.

"మండక్కి, మిర్చిబజ్జీ మళ్లీ ఎన్నో రోజున తిన్నారని అడిగా. ఈ ఊళ్లో మరమరాల దగ్గర ఎవరూ అబద్ధమాడరు."

స్టీలు తీగవాళ్లు చాలామంది ఆరో రోజున తిన్నారు. రెండో తీగవాళ్లు మూడో రోజునే తిన్నారు. రెండు నెలల తర్వాత అచ్చులు తీసి కొలిస్తే, వరస కావడంలో మాత్రం పెద్ద తేడా లేదు.

అప్పుడడిగాను, "ఆ పుస్తకమంతా ఎందుకు రాశావక్కా?"

"నాకోసమే" అంది, చెయ్యి అడ్డం పెట్టుకుని. "నొప్పికి భయపడే ఇన్నేళ్లూ ఆగాను. ఏ తీగో తేలితే కూర్చుందామని."

సోమవారం ఆమెను కూర్చోబెట్టి రెండో తీగ కట్టాను. అందించే మనిషి లేక పది నిమిషాల పనికి అరగంట తడుముకున్నాను.

ఐదో రోజున ఆమె అప్పటిదాకా నింపిన తన కాగితం ఇచ్చింది. అన్నీ ఒకట్లే.

"భలే కట్టావు డాక్టరమ్మా, ఏమీ తెలియలేదు."

పొంగిపోయాను. కాగితం మడవబోతూ ఆగాను.

"మండక్కి ఎన్నో రోజున తిన్నావక్కా?"

ఆమె నా చేతిలోంచి కాగితం లాక్కుని, ఒకట్లన్నీ కొట్టేసి ఎనిమిదులు వేసింది.

"ఇంకా తినలేదమ్మా. ఐదు రోజులుగా అంబలే."

నాకు బాధేసింది. "విప్పెయ్యనా?"

"వద్దు. ముందు రాసుకో, ముప్పై ఒకటో పేరు నాదని."